గుంత పొంగనాల పెనంలో కుక్క తిండి: అనంతపురం నుంచి ప్రాజెక్టు డైరీ

పని మొదలుపెట్టే ముందు

గబగబా మింగేసే కుక్క నిదానంగా తినేలా ఇంట్లో చేసుకున్న పరికరాల డైరీ ఇది. కుక్క పేరు చుక్క. నాటు ఆడకుక్క, మూడేళ్ల వయసు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, తూకం 18 కిలోలు. అనంతపురంలో ముందు గేటు, వెనక పెరడు ఉన్న మిద్దె ఇల్లు, నేలంతా తాడిపత్రి బండలు. పొద్దున డ్రై ఫుడ్ గింజలు, రాత్రి సంగటిలో కోడిమాంసం, గుడ్డు.

మామూలు స్టీలు గిన్నెలో 80 గ్రాముల గింజలు పోసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెడితే 25 సెకన్లకు గిన్నె ఖాళీ. సంగటి సంగతి ఇంకా ఘోరం. ముద్ద చేసి పెడితే ముద్ద ముద్దగానే లోపలికి పోతుంది. సంగటిని మనుషులే నమలరు, కుక్కనని ఏం లాభం? తర్వాత వరసగా తేన్పులు, అప్పుడప్పుడూ తిన్నది తిన్నట్టే బయటికి.

ఆ బయటికి రావడం ఏ రకమో ముందు తేల్చుకోవాలి. పొట్ట కండరాలు బిగబట్టి, రెండు మూడు సార్లు ఊగి, పసరుతో సగం అరిగిన తిండి వస్తే అది వాంతి. ఏ ప్రయాసా లేకుండా తల కిందికి వంచగానే గింజలు గింజలుగానే, జిగురు పూసినట్టు, ఒక్కోసారి గొట్టం ఆకారంలో జారిపడితే అది అన్నవాహిక నుంచే వెనక్కొచ్చిన తిండి. గబగబా మింగే కుక్కల్లో ఎక్కువగా కనిపించేది రెండోదే. చుక్కదీ అదే. రోజూ పసరుతో వాంతులవుతుంటే గిన్నె మార్చి లాభం లేదు, డాక్టరు దగ్గరికి పోవాలి. నిదానంగా తిన్నా తిండి వెనక్కి వస్తూనే ఉన్నప్పుడూ అంతే.

గిన్నె జోలికి పోకముందే చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మలం పరీక్ష చేయించి నులిపురుగుల మందు వేయించాలి (పెద్ద కుక్కలకు మూడు నెలలకోసారి, తూకాన్ని బట్టి). చర్మం దురదకు స్టెరాయిడ్ మాత్రలు నడుస్తున్నాయేమో చూడాలి, వాటితో ఆకలి విపరీతంగా పెరుగుతుంది. బాగా తింటూ చిక్కిపోతున్నా, నీళ్లు అతిగా తాగుతున్నా షుగరు లాంటివి పరీక్షించాలి. లాబ్రడార్ అయితే ఇంకో మాట. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించిందని, అలాంటివాటికి తిండి యావ, బరువు రెండూ ఎక్కువని చూపించారు. దాని ఆత్రం దాని పుట్టుకలోనే ఉంది. తిట్టి మాన్పించేది కాదు.

చుక్కకు పురుగులు లేవు, మందులు లేవు, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి, నడుము సన్నగానే ఉంది. కాబట్టి పని గిన్నె మీదే.

వీడియోలో కనిపించింది

స్లో మోషన్‌లో తీసి చూస్తే విషయం తేటతెల్లం. కుక్క గింజల కుప్పలోకి కింది దవడను పారలా దూర్చి, తల పైకి విసిరి, నోటినిండా ఉన్నదాన్ని వెనక్కి జార్చుకుంటుంది. నమలడం లేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తడమూ లేదు. మధ్యలో ముక్కుతో ఊపిరి తీసుకుంటూ గాలి కూడా మింగుతుంది. తేన్పులు అందుకే.

కుక్కకు నమలడం నేర్పాలని కూర్చుంటే అయ్యే పని కాదు. దాని దవడ పైకీ కిందికీ తప్ప మన దవడలా పక్కలకు ఆడదు. లాలాజలంలో పిండిని అరిగించే అమైలేజ్ దాదాపు ఉండదు. కోసుకుని మింగడానికే ఆ నోరు. అందుకని పెట్టుకున్న లక్ష్యాలు రెండే. ఒకటి గుటక సైజు తగ్గాలి, రెండు గుటకకూ గుటకకూ నడుమ ఎడం పెరగాలి.

ఈ రెంటినీ నిర్ణయించేది తిండి కుప్ప లోతు. గిన్నెలో 5 సెంటీమీటర్ల ఎత్తున గింజలుంటే పార పని చేస్తుంది. అవే గింజలు ఒకే వరసలో పరుచుకుని ఉంటే దవడకు ఏమీ దొరకదు, నాలుకతో ఏరుకోవాల్సిందే. ఇక్కడ చేసిన ప్రతి పరికరమూ లోతు తగ్గించి వైశాల్యం పెంచే పనే చేస్తుంది. అంగట్లో దొరికే చిక్కుదారుల ప్లాస్టిక్ గిన్నెల్లో ఉన్న కిటుకూ ఇంతే.

తిండి లెక్క

పరికరం సైజు తెలియాలంటే ఒక పూటకు ఎంత పెడుతున్నామో తెలియాలి. చాలా ఇళ్లలో ఇదే తెలియదు.

విశ్రాంతిలో ఉన్న కుక్కకు కావాల్సిన కేలరీలకు వాడే సూత్రం: కిలోల్లో బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించడం. 18 కిలోలకు సుమారు 612 వస్తుంది. ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు దాన్ని 1.6తో గుణిస్తే రోజుకు దాదాపు 980. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే, రెండు వారాలకోసారి తూకం చూసి 10 శాతం అటూఇటూ చేసుకోవాలి.

పంచింది ఇలా. పొద్దున 80 గ్రాముల గింజలు, మధ్యాహ్నం 70 గ్రాములు. సంచి మీద 100 గ్రాములకు 350 కేలరీలు అని ఉంది కాబట్టి రెండూ కలిపి 525. రాత్రికి బియ్యం, రాగిపిండి కలిపి 60 గ్రాములతో సంగటి, ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం 100 గ్రాములు, ఒక గుడ్డు. ఇది సుమారు 440. ఉప్పు, కారం, ఎర్రగడ్డ, తెల్లగడ్డ ఏవీ వేయకూడదు. చివరి రెండూ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను చిదిమేస్తాయి, ఉడికించినా విషం పోదు. ఉడికించిన ఎముకలు చీలికలై గుచ్చుకుంటాయి.

ఇంతకుముందు రెండు పూటలే పెట్టేవారు. అదే తిండిని మూడు పూటలుగా విడగొట్టడానికి ఖర్చేమీ లేదు. పూటకు పడే కుప్ప చిన్నదవుతుంది, ఆకలి ముదరకముందే తిండి వస్తుంది. పరికరాలేవీ చేసే ఓపిక లేనివాళ్లు ఈ ఒక్కటైనా చేయాలి.

గేటు దగ్గర నుంచి మార్చడం

పాత గిన్నె గేటుకు పక్కనే ఉండేది. అవతల వీధి కుక్కలు నిలబడి చూస్తుంటే ఏ కుక్కైనా వేగం పెంచుతుంది. గిన్నెను పెరట్లోకి, గేటు కనిపించని మూలకు మార్చి, గిన్నె మార్చకుండానే సమయం చూస్తే 25 సెకన్లది 35 అయింది. చిన్న తేడానే కానీ ఊరికే వచ్చింది.

ఇంట్లో రెండు కుక్కలుంటే మధ్యలో గోడో తలుపో ఉండాలి, ఒకే గదిలో దూరంగా పెడితే చాలదు. ముందు ముగించింది రెండోదాని మీదికి పోతుంది, అది తెలిసిన రెండోది ఇంకా గబగబా తింటుంది. నిదానంగా తినే పరికరం పెట్టినప్పుడు ఈ గొడవ పెరుగుతుంది, ఎందుకంటే తిండి ఎక్కువసేపు కళ్ల ముందుంటుంది. తినే కుక్క ఒళ్లు బిగబట్టి, కనుకొలకుల్లోంచి చూస్తూ గుర్రుమంటే దగ్గరికి పోకూడదు, పిల్లల్ని అసలు పోనివ్వకూడదు. అలాంటి కుక్క ముందు నుంచి పళ్లెం లాగితే ఈసారి ఇంకా త్వరగా మింగడమే నేర్చుకుంటుంది. దూరం నుంచి ఒక కోడిముక్క పళ్లెంలోకి విసిరి వెళ్లిపోవడం మేలు.

కాలువ గిన్నె

మొదట అందరూ చెప్పే చిట్కా గిన్నెలో ఒక గుండ్రాయి వేయడం. రాయి కుక్క నోట్లో పట్టనంత పెద్దది కావాలి. ఈ సైజు కుక్కకు 10 సెంటీమీటర్ల పైమాటే. పని చేస్తుంది కానీ రాయిని కొరికే కుక్కలుంటాయి. పై దవడలో పక్కన ఉండే పెద్ద కోత పన్ను చీలిందంటే పీకడమో రూట్ కెనాలో తప్పదు. అందుకని రాయి జోలికి పోకుండా ఒక గిన్నెలో ఇంకో గిన్నె బోర్లించి బిగించాం.

కావాల్సినవి: 24 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు ఉన్న అడుగు చదునైన స్టీలు బేసిను, 16 సెంటీమీటర్ల స్టీలు గిన్నె, 6 ఎంఎం స్టెయిన్‌లెస్ బోల్టు, అడుగు నుంచి గిన్నె నెత్తి దాకా అందేంత పొడవు, రెండు వాషర్లు, ఒక నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వదులు కానిది). బోర్లించిన గిన్నె చుట్టూ 4 సెంటీమీటర్ల కాలువ మిగులుతుంది. ఈ కొలతే కీలకం. చుక్క మూతి వెడల్పు 6 సెంటీమీటర్లు, నాలుక అందులో సగం. కాలువలోకి నాలుక పోవాలి, దవడ పోకూడదు. మీ కుక్క మూతిని టేపుతో కొలిచి, దానికి మూడింట రెండు వంతులు కాలువకు పెట్టుకోండి. పగ్ లాంటి చప్పిడి మూతి కుక్కలకు ఇది పనికిరాదు, వాటి నాలుక కాలువ అడుగుకు అందదు.

రంధ్రానికి ముందు సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టాలి, లేకుంటే డ్రిల్ బిట్టు స్టీలు మీద జారుతుంది. తక్కువ స్పీడులో, ఒక చుక్క నూనె వేసి, గట్టిగా నొక్కి పెట్టాలి. స్పీడు పెంచితే స్టెయిన్‌లెస్ వేడెక్కి గట్టిపడి బిట్టు మొండిబారుతుంది. డ్రిల్ లేకపోతే ఏ వెల్డింగ్ షాపులోనైనా వేసిస్తారు. అంచుల్ని ఆకురాయితో, తర్వాత ఎమరీ పేపరుతో రుద్ది, వేలు పెట్టి తడిమితే గుచ్చుకోకూడదు. బోల్టు తలకాయ పైకి, నట్టు కిందికి ఉండాలి.

80 గ్రాములకు ఒక నిమిషం 40 సెకన్లు. వీడియోలో మూడు నాలుగు గుటకలకోసారి తల ఎత్తి, గిన్నె అవతలి వైపుకు నడుస్తోంది. ఆ నడకలోనే ఎడం వస్తోంది.

లోపాలు రెండు బయటపడ్డాయి. కడిగిన నీళ్లు బోర్లించిన గిన్నె కింద చేరి, తిండి పొడి నాని పుల్లని వాసన వచ్చింది. బేసిను అడుగున, లోపలి గిన్నె పరిధిలోనే, 4 ఎంఎం రంధ్రాలు రెండు వేస్తే నీళ్లు దిగిపోతున్నాయి. అయినా వారానికోసారి బోల్టు విప్పి కడగాల్సిందే. రెండో లోపం జారడం. నున్నటి బండ మీద కుక్క నెడుతూ గోడ దాకా తోసుకుపోయి, గోడకు ఆనించి ముంతలా వంచి తింటోంది. దీనికి మందు పాత స్కూటరు టైరు. పదంగుళాల చక్రం టైరుకు లోపలి కన్నం 25 సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది, 24 సెంటీమీటర్ల బేసిను అందులో కూర్చుంటుంది. టైరును పడుకోబెట్టి గిన్నె దించితే కుక్క కాదు, ఆవు నెట్టినా కదలదు. టైరు అంచులో ఉక్కు తీగ బయటపడి ఉంటే తీసుకోకూడదు. ఇంకో ముఖ్యమైన మాట: టైరులో వాన నీళ్లు నిలిస్తే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. నేలవైపు ఉండే పక్కన 10 ఎంఎం రంధ్రాలు ఆరేడు వేసుకోవాలి.

కొన్నాళ్లకు సమయం ఒక నిమిషం పదికి దిగి అక్కడ ఆగింది. నాలుకను కాలువ వెంబడి గుండ్రంగా తిప్పడం నేర్చుకుంది. ఏ పరికరానికైనా ఇది తప్పదు. మొదటి రోజు సమయం చూసి సంబరపడి ఫోన్‌లో అందరికీ పంపేవాళ్లు రెండు వారాల తర్వాతి సమయం కూడా చూడాలి.

గుంత పొంగనాల పెనం

సీమలో దాదాపు ప్రతి వంటింట్లో ఉండే వస్తువు ఇది. పాతదొకటి కుక్కకు కేటాయిస్తే సరి, కొత్తగా చేసేదేమీ లేదు.

పన్నెండు గుంతల పోత ఇనుము పెనం తీసుకున్నాం. గుంత నోరు 4 సెంటీమీటర్లు, లోతు 2. గుంతకు 6-7 గ్రాముల గింజలు పడతాయి, మొత్తానికి 75-80 గ్రాములు. పొద్దుటి కోటా సరిగ్గా సరిపోతుంది. పోశాక అరచేత్తో పైన తుడవాలి, గుంతల మధ్య గట్ల మీద గింజలు ఉండకూడదు. ఉంటే కుక్క ముందు వాటిని జుర్రుకుని, అదే ఊపులో మిగతావీ తింటుంది.

నాన్‌స్టిక్ పెనం వద్దు. పళ్లు తగిలి పూత పొరలు పొరలుగా లేస్తుంది. అల్యూమినియంది తేలిక, పంజాతో ఒక్క తట్టుకు బోర్లా పడుతుంది. పోత ఇనుముది రెండు కిలోల దాకా బరువు, కదలదు. పిడి ఉంటే మాత్రం కుక్క దాన్నే పళ్లతో పట్టి ఎత్తుతుంది. స్క్రూ పిడి అయితే విప్పేయాలి, పోతలోనే కలిసి ఉంటే పిడిని గోడ మూలకు తిప్పి రెండు వైపులా ఇటుకలు పెట్టాలి. అడుగున పాత సైకిల్ ట్యూబు కోసి రెండు పట్టీలు వేస్తే బండ మీద గీతలు పడవు, చప్పుడు తగ్గుతుంది. ట్యూబు అంచు బయటికి కనిపిస్తే నమిలేస్తుంది, పెనం కంటే 2 సెంటీమీటర్లు లోపలికే ఉండాలి.

మొదటి పూటలకు మూడు నిమిషాల ముప్పై సెకన్లు. అలవాటయ్యాక రెండున్నర దగ్గర నిలిచింది. కాలువ గిన్నెకు రెట్టింపు. కారణం వీడియోలో తెలుస్తుంది. గుంత గుండ్రంగా ఉండటంతో నాలుక కొన అడుగున తిరిగితే గింజలు అంచు వెంబడి పరుగెత్తి మళ్లీ అడుగుకే జారుతున్నాయి. నాలుకకు ఒకటో రెండో అంటుకుని వస్తాయి. ఆ రెండు గింజల్ని చుక్క కొరుకుతోంది కూడా, కటుక్కుమని వినిపిస్తుంది. గుటక చిన్నదైతే నమలడం దానంతటదే వచ్చింది. తేన్పులు తగ్గిందీ, తిండి వెనక్కి రావడం ఆగిందీ ఈ దశలోనే.

కడిగిన వెంటనే పొడిబట్టతో తుడిచి, ఒక చుక్క శెనగనూనె పూయాలి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు. పెరుగు, మజ్జిగ కలిపిన తిండి ఇందులో వద్దు. పులుపుకు ఇనుము నల్లబడి తిండికి ఇనుప వాసన పడుతుంది.

ఇడ్లీ రేకులు కూడా చూశాం. గుంత లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, పైగా పల్చని రేకు, తేలిపోతుంది. చిన్న కుక్కపిల్లలకు మాత్రం బాగు.

మధ్యాహ్నానికి పైపు

మధ్యాహ్నం ఇంట్లో సందడి తక్కువ, కుక్కకూ పొద్దుపోదు. దొర్లిస్తే గింజలు రాలే పైపు ఆ పూటకు తగింది.

అనంతపురం జిల్లాలో బోరు లేని చేను దగ్గర తప్ప పీవీసీ పైపు ముక్క దొరకని చోటుండదు. కానీ ఏ ముక్క పడితే అది తీసుకోకూడదు. పైపు మీద ఐఎస్ 4985 అని అచ్చు ఉంటే అది తాగునీటికి చేసిన రకం. ఐఎస్ 13592 అని ఉంటే అది మురుగు, వాననీటి పైపు, దాన్ని వదిలేయాలి. ఎండలో ఏళ్ల తరబడి పడి తెల్లబారిన ముక్క కూడా వద్దు. పెళుసెక్కి ఉంటుంది, కుక్క కొరికితే గాజులా పగిలి అంచులు కోస్తాయి.

75 ఎంఎం పైపు 30 సెంటీమీటర్లు కోసి, రెండు చివర్లా మూతలు. ఒక మూతను రెండు చిన్న స్క్రూలతో బిగించి, మొనలు లోపల ఆకురాయితో అరగదీయాలి. రెండోది చేత్తో గట్టిగా నొక్కితే పట్టే మూత, రోజూ తీసి కడగడానికి. జిగురు ఎక్కడా వాడలేదు, దాని వాసన రోజుల తరబడి పోదు. రంధ్రాల సైజు గింజకు ఒకటిన్నర రెట్లు. గింజ 12 ఎంఎం కాబట్టి 18 ఎంఎం. పైపు చుట్టూ మెలి తిరుగుతూ ఆరు రంధ్రాలు. అన్నీ ఒకే గీత మీద వేస్తే ఆ గీత నేలవైపు వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే రాలిపోతాయి. అంచుల్ని లోపలా బయటా 120 నంబరు, తర్వాత 220 నంబరు ఎమరీతో నునుపు చేయాలి, నాలుక అక్కడే తగులుతుంది.

ఏమీ తెలియని కుక్క ముందు పైపు పడేస్తే చూసి పక్కకు పోతుంది. మొదటి పూటల్లో చివరి మూత తీసేసి పెట్టాం, ముట్టుకుంటేనే గింజలు రాలేలా. తర్వాతే మూత. ఏ పరికరమైనా మొదటి అర నిమిషంలో కొంత తిండి దక్కాలి. దక్కకపోతే అరుపు, అంచులు కొరకడం, చివరికి అలిగి వెళ్లిపోవడం. ఆ మూడింట్లో ఏది కనిపించినా ఒక మెట్టు దిగి సులువు చేయాలి.

70 గ్రాములకు మొదట 12 నిమిషాలు, ఇప్పుడు 8. బండల మీద చప్పుడు మాత్రం దద్దరిల్లుతుంది. కింద పాత దుప్పటి వేస్తే చప్పుడు పోతుంది, కానీ పైపు దొర్లదు. గచ్చు మీదో మట్టి మీదో మేలు. మట్టిలో అయితే ఎండి గట్టిపడిన చోటే, దుమ్ములో రాలిన గింజతో పాటు మన్నూ నోట్లోకి పోతుంది. పైపును తొక్కిపెట్టి మూత కొరికే కుక్కకు ఇది ఇవ్వకండి. తినేటప్పుడు మనిషి కనుచూపు మేరలో ఉండాలి, తిన్నాక పైపు ఎత్తి అటక మీద పెట్టాలి.

సంగటికి బండ

సంగటి పెనంలో ఇరుక్కుంటుంది, పైపులో పట్టదు. దీనికి ఒకటే దారి, పల్చగా పూయడం.

రాతి పాలిష్ యూనిట్ల దగ్గర మిగిలిపోయిన ముక్కల కుప్పలుంటాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 2 మందం ఉన్న నల్ల కడప బండ ముక్క దాదాపు పది కిలోలు తూగుతుంది, కుక్క దాన్ని ఏమీ చేయలేదు. పాలిష్ పట్టని గరుకు ముఖం మీద పూస్తే తిండి జారదు, నాకడం నెమ్మదవుతుంది. అంచులు, మూలలు సానరాయితో గుండ్రంగా రుద్దుకోవాలి.

రాత్రి కోటా అంతా కలిపితే 450 గ్రాములు. సంగటిని వేడినీళ్లతో జారుగా, అట్ల పిండి కన్నా కొంచెం గట్టిగా కలిపి, కోడిమాంసం నూరి, గుడ్డు చిదిమి అందులోనే వేయాలి. మాంసం ముక్కలుగా వదిలితే ముక్కల్ని ఏరుకుని మింగేసి సంగటి వదిలేస్తుంది. చల్లారాక అట్లకాడతో బండంతా పరిస్తే మందం రెండున్నర మిల్లీమీటర్లు వస్తుంది. వేడిగా పూయకండి, నల్లరాయి ఆ వేడిని పట్టి ఉంచుతుంది. ఆరేడు నిమిషాలు పడుతోంది. ముద్దగా ఉన్నప్పుడు అరనిమిషం కూడా పట్టేది కాదు.

ఇక్కడ రాయి గురించి చెప్పాల్సిన మాట ఉంది. కడప బండ సున్నపురాయి. పెరుగు, మజ్జిగలోని పులుపు దాన్ని కొద్దికొద్దిగా తింటుంది. పెరుగు కలిపిన సంగటి పూస్తూ పోతే తెల్లమచ్చలు పడి, ఆ చోట సన్నటి గుంతలై, వాటిలో తిండి ఇరుక్కుని పాచి వాసన మొదలైంది. నిమ్మచెక్కతో రుద్దితే వాసన పోతుందని ఎవరైనా చెబితే వినకండి, అది పుండు మీద కారం. పెరుగు వేసే రోజుల కోసం గ్రానైట్ ముక్క తెచ్చాం, దాన్ని పులుపు ఏమీ చేయదు. మళ్లీ మొదలుపెడితే కడప బండ జోలికి పోకుండా నేరుగా గ్రానైటే తీసుకుంటాం. రెంటినీ వేడినీళ్లు, కొబ్బరి పీచుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఫినాయిల్ వాడకూడదు.

వేసవిలో మధ్యాహ్నం ఎండలో ఉన్న నల్లబండ మీద అరచెయ్యి ఆనించలేం, నాలుక ఎలా ఆనిస్తుంది? బండ చోటు నీడ, పూత పూసేది పొద్దుగూకాక. పాలు, మాంసం కలిసిన పూత గంటకు మించి ఉంచకుండా మిగిలింది కడిగేయాలి.

చీమలు

పరికరం ఏదైనా నిదానంగా తినడం మొదలవగానే చీమలకు టైము దొరుకుతుంది. టైరు గిన్నెకు, పెనానికి పెద్దగా ఇబ్బంది లేదు. బండకే బాధ. బండ కింద నాలుగు మూలలా బోర్లించిన స్టీలు గ్లాసులు, ఒక్కో గ్లాసు నీళ్లున్న ఒక్కో పళ్లెంలో. చీమల చాక్‌పీసు గీయకూడదు, అందులో ఉండేది పురుగుమందు, కుక్క నాకే చోటది.

ఎక్కువసేపు తింటే ఎంత ఎక్కువ?

పది పన్నెండు నిమిషాలు దాటించి లాభం లేదు. మన ఎండల్లో కుక్క వగరుస్తూ తింటే మళ్లీ గాలే మింగుతుంది. స్టాప్‌వాచ్ కన్నా తేన్పు, తిండి వెనక్కి రావడం, తిన్నాక పొట్ట బిగుతు ఈ మూడూ చూసుకోవడం నయం. గుడ్డ పీలికల చాపలో గింజలు దాచే పద్ధతి కూడా కొందరు వాడతారు. గోనెపట్టతో మాత్రం చేయొద్దు, నార పోగులు ఊడి పేగుల్లో చుట్టుకుంటాయి. పాత నూలు లుంగీ పీలికలు, సింకులో వేసే రబ్బరు జాలీకి గట్టి ముళ్లు వేస్తే సరిపోతుంది.

గిన్నెను స్టూలు మీద ఎత్తి పెడితే తక్కువ గాలి మింగుతుందని ఒక నమ్మకం ఉంది. పెద్ద జాతి కుక్కల మీద అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఎత్తు గిన్నెలతో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం పెరిగినట్టే తేలింది. గబగబా తినడమూ, దగ్గరి రక్త సంబంధంలో ఆ జబ్బు ఉండటమూ ప్రమాదం పెంచేవిగా అందులోనే కనిపించాయి. మెడ నొప్పో, అన్నవాహిక జబ్బో ఉండి డాక్టరు చెబితే తప్ప గిన్నె నేల మీదే ఉండనివ్వండి.

ఆ మెలిపడటం గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్ లాంటి లోతు ఛాతీ జాతుల్లో ఎక్కువ, నాటు కుక్కల్లో అరుదు. కానీ గుర్తులు అందరూ తెలుసుకోవాలి. కక్కాలని పదేపదే డోకుతుంది, చొంగ, నురగ తప్ప ఏమీ రాదు. పొట్ట పక్కలకు ఉబ్బి తడితే డోలులా మోగుతుంది. ఒకచోట పడుకోలేదు, తిరిగి తిరిగి పొట్ట వైపు చూసుకుంటుంది, చిగుళ్లు పాలిపోతాయి. ఇది గంటల్లో ప్రాణం తీసే జబ్బు, ఆపరేషన్ తప్ప దారి లేదు. వాము నీళ్లు, సోడా తాగించి చూద్దామనుకుంటే ఉన్న సమయం పోతుంది. మన ఊళ్లలో రాత్రి పది తర్వాత కుక్కకు ఆపరేషన్ చేసే చోటు ఏదో ముందే ఫోన్లు చేసి కనుక్కుని గోడ మీద రాసిపెట్టుకోవాలి. కడప వైపువాళ్లు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలను కూడా అడిగి చూసుకోవచ్చు. తిన్న గంట దాకా పరుగులు, గంతులు పెట్టించకపోవడం మంచిది. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ప్రస్తుతం

పొద్దున పెనం, మధ్యాహ్నం పైపు, రాత్రి బండ. కాలువ గిన్నె ఊరికి పోయేటప్పుడు వెంట తీసుకుపోవడానికి, కుక్కను చూసుకునే పక్కింటివాళ్లకు ఇవ్వడానికి. పరికరాలు మూడున్నా ఒకదానికి పూర్తిగా అలవాటు పడనీయకుండా అప్పుడప్పుడు పూటలు మారుస్తున్నాం.

పైపు రంధ్రాల అంచులు నెలకోసారి వేలితో తడిమి చూడాలి. ఒక రంధ్రం పక్కన పంటి గాట్లు లోతుగా పడ్డాయి, ఎమరీతో రుద్దినా పోని లోతు. ఆ పైపు తీసేసి కొత్త ముక్కకు ఈసారి 20 ఎంఎం రంధ్రాలు నాలుగే వేస్తున్నాం. సంచి మారితే గింజ సైజు మారుతోంది, కొత్తది 14 ఎంఎం ఉంది.